పాఠకుల ప్రశ్నలు: హెడ్‌సెట్‌లో చేసిన సాధన మైదానందాకా వస్తుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం వర్చువల్ రియాలిటీ (వీఆర్) గురించే. ఒక గోల్‌కీపర్, ఒక శిక్షకుడు, ఒక తల్లి, ఒక వయొలిన్ విద్యార్థిని వేరువేరు సందర్భాల నుంచి రాసినా, వారందరి సందేహం ఒకచోటికే చేరుతోంది. కళ్లకు పెట్టుకున్న పరికరంలో నేర్చుకున్నది, ఆ పరికరాన్ని తీసి పక్కన పెట్టాక మనతో ఎంత మిగులుతుంది? అందుకని ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయించాను. ఉత్తరాలను కుదించి ఇస్తున్నాను. పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు, ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌ని. మ్యాచ్ మొత్తం బాగానే ఆడతాను. పెనాల్టీ షూటౌట్ అనేసరికి కాళ్లు బిగుసుకుపోతాయి. ఎదుటి ఆటగాడు బంతిని తన్నకముందే ఏదో ఒక వైపు దూకేస్తాను. మా క్లబ్బువాళ్లు వీఆర్ హెడ్‌సెట్ కొన్నారు. నిండిన స్టేడియం, కేకలు, పెనాల్టీ తన్నే ఆటగాడు అన్నీ అందులో కనిపిస్తాయి. అదంతా నిజం కాదని నాకు తెలుసు కదా, మరి నా భయం మీద అది ఎలా పనిచేస్తుంది?

జవాబు: నిజం కాదని తెలియడం, శరీరం దానికి స్పందించకుండా ఉండడం రెండూ ఒకటి కావు. వర్చువల్ రియాలిటీ పరిశోధకుడు మెల్ స్లేటర్ బృందం 2002లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, కొందరిచేత కంప్యూటర్ సృష్టించిన శ్రోతల ముందు ప్రసంగం చేయించారు. శ్రోతలు మూడు రకాలు: ఏ భావమూ చూపకుండా కూర్చునేవారు, ఆసక్తిగా తల ఊపేవారు, విసుగుతో మొహం చిట్లించేవారు. ఆ బొమ్మలు అప్పటి సాంకేతికతకు తగినట్టు మొరటుగానే ఉన్నాయి. వక్తలందరికీ అవి బొమ్మలని తెలుసు. అయినా విసుగు చూపే శ్రోతలు ఎదురైనవారిలో ఆందోళన స్పష్టంగా పెరిగింది. ఇలా ఎందుకు జరుగుతుందో స్లేటర్ 2009లో వివరించారు. ఆయన చెప్పిన ప్రకారం ఇందులో రెండు భ్రమలు ఉన్నాయి. నేను ఈ చోటనే ఉన్నానన్నది మొదటిది, ఇక్కడ జరుగుతున్నది నాకే జరుగుతోందన్నది రెండోది. ఆలోచించే బుద్ధి ఈ రెండింటినీ కాదంటున్నా, గుండె వేగం, అరచేతి చెమట, కండరాల బిగువు వాటిని నమ్మినట్టే ప్రవర్తిస్తాయి. మనకు సాధన కావలసింది సరిగ్గా ఆ స్పందన సమక్షంలోనే కాబట్టి, ఈ పరికరం విలువ అక్కడే ఉంది.

ఇక మీ కష్టం విషయానికి వస్తే, దాన్ని మీరు భయం అన్నారు గాని, నాకు అందులో రెండు వేర్వేరు ముడులు కనిపిస్తున్నాయి. మొదటిది చూపుకు సంబంధించినది. పెనాల్టీ గుర్తు నుంచి గోల్ గీతకు ఉన్న దూరం 11 మీటర్లు; గట్టిగా తన్నిన బంతి ఆ దూరాన్ని దాదాపు అర సెకనులో దాటుతుంది. బంతి కదిలాక నిర్ణయం తీసుకుని, 7.32 మీటర్ల వెడల్పున్న గోల్‌లో మూలకు దూకి అందుకోవడానికి ఆ వ్యవధి చాలదు. కాబట్టి సమాచారం బంతి కదలకముందే, తన్నేవాడి శరీరం నుంచి రావాలి. 2002లో సావెల్స్‌బెర్గ్ బృందం గోల్‌కీపర్ల చూపును కొలిచి చూసినప్పుడు, అనుభవజ్ఞులు తక్కువ చోట్ల, ఎక్కువసేపు చూపు నిలిపారు. తన్నే కాలు, నేలపై ఆనిన కాలు, బంతి ఉన్న చోటు వారికి ముఖ్యమయ్యాయి. కొత్తవారి చూపు మొండెం, చేతులు, నడుము మీద ఎక్కువగా తిరిగింది.

రెండో ముడి ఆందోళనది. మనస్తత్వవేత్త మైఖేల్ ఐసెంక్, ఆయన సహచరులు 2007లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, ఆందోళన పెరిగినప్పుడు మనం ఎంచుకున్న లక్ష్యం మీద ధ్యాస నిలిపే శక్తి తగ్గి, కంటికి, చెవికి తగిలిన ప్రతిదాని వెంట ధ్యాస పరుగెత్తడం ఎక్కువవుతుంది. మీరు ముందే దూకేయడం వెనుక ఇదే ఉందని నేను అనుకుంటున్నాను. చూడవలసినది చూడలేని స్థితిలో ఎదురుచూడడం భరించలేనిదవుతుంది. దూకేస్తే కనీసం ఆ ఎదురుచూపు ముగుస్తుంది. మీరు తప్పించుకుంటున్నది బంతిని కాదు, ఆ క్షణాన్ని.

రగ్బీలో పక్కకు అడుగు వేసి మోసగించే కదలిక మీద వర్చువల్ రియాలిటీతో 2012లో జరిగిన ఒక అధ్యయనం ఇక్కడ మీకు పనికొస్తుంది. పరుగెత్తే ఆటగాడి తల, భుజాలు, చాచిన పాదం అబద్ధం చెప్పగలవు. శరీర గురుత్వ కేంద్రం మాత్రం చెప్పలేదు, ఎందుకంటే చివరికి మనిషి వెళ్లేది అది వెళ్లే వైపే. అనుభవమున్న ఆటగాళ్లు ఆ నిజమైన సంకేతం తేలేదాకా ఆగి అప్పుడు కదిలారు. అనుభవం లేనివారు మోసపు సంకేతానికి ముందే కదిలిపోయారు. ఆగడం కూడా నేర్చుకోదగిన నైపుణ్యమేనని ఆ అధ్యయనం చెబుతోంది.

అందుకని మీ శిక్షకుడిని ఇలా అడగండి. మొదటి రోజుల్లో స్టేడియం వద్దు, కేకలు వద్దు. తన్నే ఆటగాడు ఒక్కడే కనిపించాలి. పాదం బంతిని తాకే క్షణంలో తెర నల్లబడాలి. బంతి ఎటు వెళ్తుందో మీరు నోటితో చెప్పాలి. దూకవలసిన పని లేదు. అనేకసార్లు ఇలా చేశాక, ఆగి చూడడం మీకు స్థిరపడినప్పుడు జనాన్ని చేర్చండి, ఆ తరువాత కేకలను, చివరికి స్కోరును. కొద్దిపాటి ఆందోళనలో చేసిన సాధన, అంతకంటే పెద్ద ఒత్తిడిలో తడబడకుండా కాపాడగలదని ఔదెయాన్స్, పైపర్స్ అనే పరిశోధకులు 2010లో చూపించారు. అక్కడ హెడ్‌సెట్ ఏమీ లేదు, సూత్రం మాత్రం అదే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. హెడ్‌సెట్‌లోని జనం కొద్ది రోజులకే పాతబడిపోతారు, ఎందుకంటే మీరు ఓడినా వారు ఇంటికి వెళ్లి మీ గురించి మాట్లాడుకోరు. కాబట్టి పర్యవసానాన్ని బయటి నుంచి తేవాలి. మీ తోటి ఆటగాళ్లు నలుగురు గదిలో నిలబడి చూడనివ్వండి. మీ ఊహలలో ఎన్ని సరైనవో గోడ మీద అందరికీ కనిపించేలా రాయనివ్వండి. పరికరం కంటే ఆ నలుగురు మీ గుండెను ఎక్కువ పరుగెత్తిస్తారు. అదే మంచిది.

ప్రశ్న: నేను బ్యాటింగ్ శిక్షకుడిని. వీఆర్‌లో వందల బంతులు ఆడిస్తే నెట్ ప్రాక్టీసు సగానికి తగ్గించవచ్చని ఒక విక్రేత మాకు చెబుతున్నాడు. నమ్మవచ్చా?

జవాబు: సగానికి తగ్గించమని నేను చెప్పను. బ్యాటింగులో మీరు శిక్షణ ఇచ్చేది కనీసం మూడు విషయాలకు. బౌలరు చేతిని, బంతి తొలి దారిని చదవడం ఒకటి. ఏ షాట్ ఆడాలో, ఏ బంతిని వదలాలో తేల్చుకోవడం రెండు. బ్యాటును సరైన చోటుకు సరైన క్షణంలో తీసుకురావడం మూడు. మొదటి రెండింటికీ వీఆర్ నిజంగా ఉపయోగపడుతుంది. మూడోదానికి వచ్చేసరికి పరికరం నిర్మాణమే అడ్డుపడుతుంది.

కారణం ఇది. నిజ జీవితంలో బంతి దగ్గరికి వస్తున్నకొద్దీ రెండు కళ్లూ లోపలి వైపుకు తిరుగుతాయి. అదే సమయంలో కంటిలోని కటకం కూడా ఆ దూరానికి తగినట్టు తన ఆకారాన్ని సర్దుకుంటుంది. ఈ రెండూ పసితనం నుంచి జంటగా పనిచేయడానికి అలవాటుపడ్డాయి. ఇప్పుడు సాధారణంగా దొరికే హెడ్‌సెట్లలో బొమ్మ ఎప్పుడూ ఒకే స్థిరమైన దూరంలో స్పష్టమయ్యేలా అమర్చి ఉంటుంది. కళ్లు మాత్రం బంతి వెంట లోపలికి తిరుగుతాయి. జంట విడిపోతుంది. దూరంగా ఉన్న వస్తువులకు ఇది పెద్దగా తెలియదు గాని, చేతికి అందే దూరంలో, అంటే సరిగ్గా బ్యాటుకు బంతి తగిలే చోట, లోతు అంచనా దెబ్బతింటుంది. దానికి తోడు చేతిలో ఉన్నది తేలికైన కంట్రోలరు. బంతి తగిలినప్పుడు మణికట్టుకు వచ్చే అదురు ఉండదు, వచ్చినా నామమాత్రమే. అలాంటి చోట వందల సార్లు ఊపడం వల్ల చేతికి తప్పుడు లయ అలవాటు కావచ్చునన్నది నా భయం.

అలాగని ఫలితాలు లేవనడం అన్యాయం. రాబ్ గ్రే 2017లో ప్రచురించిన బేస్‌బాల్ అధ్యయనంలో యువ ఆటగాళ్లను నాలుగు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు ఆటగాడి స్థాయిని బట్టి కష్టం పెరుగుతూ తగ్గుతూ ఉండే వర్చువల్ శిక్షణ, రెండో జట్టుకు అలాంటి సర్దుబాటు లేని వర్చువల్ బ్యాటింగ్, మూడో జట్టుకు నిజమైన బ్యాటింగ్ అదనపు సాధన, నాలుగో జట్టుకు అదనంగా ఏమీ లేకుండా చూశారు. అందరికంటే ఎక్కువ మెరుగుపడినది మొదటి జట్టు. రెండో జట్టుకూ పరికరం ఉంది, గంటలూ ఉన్నాయి. అయినా ఆ లాభం రాలేదు. మీ విక్రేతను అడగవలసిన ప్రశ్న ఇందులోనే ఉంది: మీ సాఫ్ట్‌వేర్ ఆటగాడి తప్పును చూసి తదుపరి బంతిని మారుస్తుందా, లేక వంద బంతులను వరుసగా విసురుతుందా? 2019లో 57 మందితో జరిగిన టేబుల్ టెన్నిస్ అధ్యయనంలోనూ వీఆర్‌లో సాధన చేసినవారు, ఏ సాధనా చేయనివారికంటే నిజమైన బల్ల మీద మెరుగ్గా ఆడారు. గమనించండి, పోలిక ఏ సాధనా లేనివారితో. నెట్‌లో శ్రమించినవారితో కాదు.

మైదానంలో ఎన్నటికీ చేయలేని ఒక పని కూడా వీఆర్ చేయగలదు. క్యాథీ క్రేగ్, ఆమె సహచరులు 2006లో ఫుట్‌బాల్ ఫ్రీకిక్కుల మీద చేసిన పనిలో, మిగతాదంతా అలాగే ఉంచి బంతి గుండ్రంగా తిరిగే వేగాన్ని మాత్రం మార్చారు. పక్కకు తిరుగుతూ వచ్చే బంతి గాలిలో వంపు తిరుగుతుంది. అది చివరికి ఎక్కడికి చేరుతుందో వృత్తి ఆటగాళ్లు కూడా సరిగ్గా అంచనా వేయలేకపోయారు. వంపును లెక్కలోకి తీసుకోవడం మన చూపుకు సహజంగా చేతకాని పని. నిజమైన బౌలరు ఎవరూ మీకు సరిగ్గా ఒకే బంతిని, తిరుగుడు తీసేసి ఒకసారి, తిరుగుడు కలిపి ఒకసారి వేయలేడు. మీరైతే వారానికి రెండు మూడుసార్లు పావుగంట చొప్పున, బ్యాటు లేకుండా, చదవడానికీ వదలడానికీ మాత్రమే హెడ్‌సెట్ వాడండి. నెట్ సమయాన్ని అలాగే ఉంచండి. గాయంతో కూర్చున్న ఆటగాడికి, లేదా శరీరం అలసిపోయి ఇంకో గంట నెట్‌లో నిలబడలేని రోజున మాత్రం వీఆర్ సమయాన్ని నిస్సంకోచంగా పెంచవచ్చు.

ప్రశ్న: హెడ్‌సెట్ పెట్టుకున్న పది నిమిషాలకే నాకు కడుపులో తిప్పుతుంది. అలవాటయ్యేదాకా ఓర్చుకోమని మా శిక్షకురాలు అంటున్నారు.

జవాబు: ఓర్చుకోకండి. కళ్లు మీరు కదులుతున్నారని చెబుతుంటే, లోపలి చెవిలోని సమతూక అవయవం లేదంటోంది. వికారం ఆ తగవు నుంచి పుడుతోంది. మొదటి లక్షణం కనిపించగానే తీసేసి, మళ్లీ మరునాడు ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. దృశ్యం తనంతట తాను జరిగిపోయే కార్యక్రమాలను వదిలి, మీరు నిలబడి నిజంగా తల తిప్పి చూసేవాటినే ఎంచుకోండి. వాడిన వెంటనే వాహనం నడపడం గాని, బరువైన వ్యాయామం గాని వద్దు. మెరిసే వెలుతురుకు మూర్ఛ వచ్చే లక్షణం ఉన్నవారు డాక్టరును అడగకుండా దీన్ని ముట్టుకోకూడదు. ఎంత నెమ్మదిగా మొదలుపెట్టినా కొందరికి పడదు. అది ఆ మనిషి లోపం కాదు, అలాంటి వారికి మానసిక చిత్రణ (ఆటను మనసులోనే ఊహించుకుని చేసే సాధన), వీడియో సాధన ఉన్నాయి.

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. ఆమె శిక్షణ పొందే చోట వీఆర్ పరీక్షలు పెట్టి చూపు, తల కదలిక, గుండె వేగం నమోదు చేస్తున్నారు. వాటిని బట్టి ‘మానసిక దృఢత్వం’ మార్కులు ఇస్తారట. నేను అనుమతి పత్రం మీద సంతకం చేయాలా?

జవాబు: అమ్మా, మీరు సంతకం చేయకముందే ఆగి అడిగినందుకు సంతోషిస్తున్నాను. పేరు తీసేస్తే సమాచారం అనామకమవుతుందని మీకు ఎవరైనా చెబితే, ఈ రెండు విషయాలు గుర్తుంచుకోండి. 2020లో 511 మందితో జరిగిన ఒక అధ్యయనంలో, ఐదు నిమిషాల లోపు కదలికల నమోదుతో ఆ మనిషి ఎవరో సుమారు 95 శాతం కచ్చితత్వంతో కంప్యూటరు గుర్తుపట్టింది. 2023లో యాభై వేలకు పైగా వీఆర్ ఆటగాళ్ల తల, చేతుల కదలికలను పరిశీలించినప్పుడు, 100 సెకన్ల నమోదు చాలు, 94 శాతానికి మించి గుర్తింపు సాధ్యమైంది. మనిషి తల తిప్పే తీరు వేలిముద్ర వంటిది. వేలిముద్రను మార్చుకోలేనట్టే దీన్నీ మార్చుకోలేము.

ఇక మార్కుల సంగతి. పెరిగిన గుండె వేగం భయానిదో, ఉత్సాహానిదో, మెట్లెక్కి వచ్చినందువల్లనో ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. చూపు నమోదు శిక్షణకు ఎంతో విలువైనది; ఎక్కడ చూస్తున్నదో ఆ పిల్లకే చూపించి, ఎక్కడ చూడవచ్చో నేర్పడానికి. దాన్ని ఎదుగుతున్న పిల్ల స్వభావం మీద తీర్పుగా మార్చి, జట్టు ఎంపికకు వాడడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. 14 ఏళ్ల వయసులో ‘దృఢత్వం తక్కువ’ అని కాగితం మీద చదివిన పిల్ల, తరువాతి మ్యాచులో ఆ కాగితాన్ని మోసుకుంటూనే మైదానంలోకి దిగుతుంది.

నమోదైన సమాచారం ఎక్కడ ఉంటుంది, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, అడిగితే చెరిపేస్తారా, ఎంపికలో వాడుతారా అని రాతపూర్వకంగా అడగండి. పరికరం తయారీదారు సూచించిన కనీస వయసును కూడా చూడండి. జవాబులు స్పష్టంగా వస్తే, ఎంపికకు వాడబోమని రాసిస్తే, మీ అమ్మాయికి ఇష్టమైతే సంతకం చేయండి. సాధనకు ఒప్పుకుని, నమోదుకు ఒప్పుకోకపోవడం కూడా మీ హక్కే.

ప్రశ్న: నేను క్రీడాకారిణిని కాను, వయొలిన్ విద్యార్థినిని. గదిలో చక్కగా వాయించిన రచన, వేదిక ఎక్కగానే కమాను చేతిలో వణకడం వల్ల పాడైపోతుంది. రెండు నెలల్లో నా తుది పరీక్ష. వీఆర్ నాకు పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది, అయితే మీరు అనుకుంటున్న చోట కాకపోవచ్చు. హెడ్‌సెట్ పెట్టుకుంటే మీ కమాను, మీ వేళ్లు మీకు కనిపించవు. గడ్డం కింద వాద్యం, ముఖం మీద బరువు కలిసి మీ భంగిమనే మార్చేస్తాయి. అందుకని దాన్ని ధరించి రచనంతా వాయించడం నాకు సమ్మతం కాదు. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ పరిశోధకులు ఈ చిక్కును మరో దారిలో పరిష్కరించారు. వారు 2014లో వివరించిన కృత్రిమ వేదికలో విద్యార్థికి హెడ్‌సెట్ లేదు. ఎదురుగా నిలువెత్తు తెర మీద శ్రోతలు గాని, పరీక్షకులు గాని కనిపిస్తారు, వాయించేముందు వేదిక వెనుక వేచి ఉండే ఘట్టం కూడా ఉంటుంది. వయొలిన్ విద్యార్థులు తెర మీది పరీక్షకుల ముందు, నిజమైన పరీక్షకుల ముందు వాయించినప్పుడు వారి ఆందోళన, గుండె స్పందన దాదాపు ఒకేలా కనిపించాయి.

మీ వణుకు ఎక్కడ మొదలవుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. నా దగ్గరికి వచ్చే వాద్యకారులను అడిగితే, మొదటి స్వరం దగ్గర అని చెప్పేవారు తక్కువ. పేరు పిలిచినప్పుడు, తలుపు దాటినప్పుడు, శ్రుతి సరిచూసుకునే నిశ్శబ్దంలో అంటారు. హెడ్‌సెట్ సరిగ్గా ఈ నిమిషాలకు సరిపోతుంది, ఎందుకంటే అప్పుడు మీ చేతులకు పని లేదు. వేచి ఉండే గది, నడక, నమస్కారం, నిశ్శబ్దం. వీటిని మళ్లీ మళ్లీ గడిపి, నమస్కారం చేశాక హెడ్‌సెట్ తీసి, అప్పటికే వేగం అందుకున్న గుండెతోనే వయొలిన్ ఎత్తి మొదటి పంక్తి వాయించండి.

ఈ పద్ధతికి మూలం భయాల చికిత్సలో ఉంది. ఎత్తులంటే భయపడేవారికి వర్చువల్ రియాలిటీలో కొద్దికొద్దిగా ఎత్తులను చూపించి భయం తగ్గించవచ్చని బార్బరా రోత్‌బామ్ బృందం 1995లోనే ప్రచురించింది. అప్పట్లో భయం తగ్గేదాకా అక్కడ ఉండడమే ముఖ్యమనుకునేవారు. ఇప్పుడు ఈ రంగంలో చాలామంది మరో మాట మీద బరువు పెడుతున్నారు: మీరు జరుగుతుందని భయపడినది జరగలేదని మీరే చూడాలి. కాబట్టి ప్రతిసారీ ముందుగా ఒక కాగితం మీద, ‘కమాను వణికి, రెండో పంక్తిలో ఆగిపోతాను’ అని మీ భయాన్ని ఉన్నదున్నట్టు రాయండి. తరువాత ఏం జరిగిందో దాని పక్కనే రాయండి. వణికింది గాని ఆగలేదు అని పదిసార్లు రాసిన చెయ్యి, వణుకును అపాయంగా చూడడం మానుకుంటుంది. వణుకు పూర్తిగా పోవాలని పట్టుబట్టకండి; వణుకుతూనే స్వరం నిలపగల కమాను పట్టును మీ గురువుగారి దగ్గర నేర్చుకోండి, అది పరికరం నేర్పలేని విద్య.

నిద్ర పట్టకపోవడం, వేదిక పేరు వింటేనే ఊపిరి ఆడకపోవడం, ఒప్పుకున్న కచేరీలను మానుకోవడం దాకా వస్తే దీన్ని ఒంటరిగా సాధన చేయవద్దు. మనస్తత్వ చికిత్సకుల తోడు తీసుకోండి. వణుకు తగ్గించే మాత్రలను తోటి వాద్యకారులు ఇచ్చినా, డాక్టరు చెప్పనిదే వేసుకోవద్దు.

మొదటి నాలుగు వారాలు హెడ్‌సెట్‌తో, వారానికి మూడుసార్లు, ఇరవై నిమిషాలు మించకుండా చేయండి. తరువాతి మూడు వారాల్లో దాన్ని వారానికి ఒకసారికి తగ్గించి, మిగతా రోజుల్లో మనుషుల ముందు వాయించండి. మొదట ఇద్దరు, తరువాత ఐదుగురు, తరువాత మీకు పరిచయం లేని ఇద్దరు ముగ్గురు. చివరి వారం హెడ్‌సెట్‌ను పెట్టెలోనే ఉంచండి. వీలైతే పరీక్ష జరిగే గదికి ఒకసారి వెళ్లి, తలుపు దగ్గర నుంచి మీరు నిలబడే చోటికి నడిచి, శ్రుతి చూసుకుని, మొదటి పంక్తి ఒక్కటి వాయించి తిరిగి రండి.